పాత వీడియో గేమ్ క్యాసెట్ ఇంట్లోనే తయారు చేయొచ్చా..? లోపల ఉండేవి రెండు చిప్‌లే.. కానీ చిక్కంతా అక్కడే!

క్యాసెట్ అంటే 90ల్లో పెరిగిన వాళ్లకు మూడు గుర్తొస్తాయి. ఒకటి పాటలది, ఒకటి సినిమాది, ఇంకోటి వీడియో గేమ్‌ది. మొదటి రెండూ ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. మూడోదానికి మాత్రం మళ్లీ గిరాకీ మొదలైంది. అటకల మీద నుంచి పాత గేమ్ డబ్బాలు కిందికి దిగుతున్నాయి. డబ్బా ఆన్ అవుతోంది, రిమోట్లు కూడా పని చేస్తున్నాయి, క్యాసెట్ మాత్రం పలకదు. ఎన్నిసార్లు ఊదినా అంతే. దీంతో కొందరు ఏకంగా సొంతంగా క్యాసెట్ చేసుకునే పనిలో పడ్డారు. ప్రపంచవ్యాప్తంగా ఇదో పెద్ద హాబీ. మరి జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో ఉన్న ఓ డిప్లొమా కుర్రాడు ఇది చేయగలడా? ఎంత కష్టం? డబ్బులు ఎక్కడ వృథా అవుతాయి? చూద్దాం.

ముందు ఓ మాట. ఊదడం ఆపేయండి. నోటి తడి క్యాసెట్ కింది రాగి పట్టీల మీద పడి తుప్పుకు దారి తీస్తుంది. ఊదొద్దని తయారీ కంపెనీ నింటెండోనే చెప్పింది. ఊదాక పని చేసిందంటే చాలాసార్లు అది ఊదినందుకు కాదు, క్యాసెట్ తీసి మళ్లీ పెట్టినందుకు. దూది పుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది పట్టీలు తుడిచి, ఆరనిచ్చి పెట్టండి. 'చచ్చిపోయాయి' అనుకున్న క్యాసెట్లలో కొన్ని అక్కడే లేచి కూర్చుంటాయి.

మన దగ్గర ఆడింది అసలు ఏ గేమ్?

జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జులై 15న 'ఫ్యామికామ్' అనే గేమ్ డబ్బా విడుదల చేసింది. మనలో చాలామంది ఆడింది దాని నకళ్లు. సమురాయ్, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్.. పేరు ఏదైనా లోపలి సర్క్యూట్ అదే దారిలో నడుస్తుంది. అందుకే ఒక బ్రాండ్ క్యాసెట్ ఇంకో బ్రాండ్ డబ్బాలో ఆడేది.

ఇందులో ఇంట్లో క్యాసెట్ చేసేవాళ్లకు పనికొచ్చే విషయం ఒకటుంది. అమెరికాలో 1985లో వచ్చిన ఎన్ఈఎస్ డబ్బాలో నింటెండో ఓ తాళం చిప్ పెట్టింది. క్యాసెట్‌లో దానికి జోడీ చిప్ లేకపోతే డబ్బా రీసెట్ అవుతూనే ఉంటుంది. జపాన్ ఫ్యామికామ్‌లో ఆ తాళం లేదు. మన దగ్గరి నకళ్లలోనూ లేదు. అంటే 60 పిన్నుల స్లాట్‌లో సరైన వైరింగ్‌తో ఏ బోర్డు పెట్టినా డబ్బా కిక్కురుమనకుండా చదివేస్తుంది.

క్యాసెట్ విప్పితే..

ప్లాస్టిక్ డొప్ప చూస్తే పెద్దది, లోపల బోర్డు చిన్నది. బోర్డు మీద ప్రధానంగా రెండు మెమరీలు ఉంటాయి. ఒకటి ప్రోగ్రామ్ రామ్.. కాదు కాదు, రోమ్. పలకడానికి దగ్గరగా ఉన్నా రెంటికీ చాలా తేడా. రామ్‌లో రాసింది కరెంటు పోతే పోతుంది, రోమ్‌లో రాసింది పోదు. ఈ ప్రోగ్రామ్ రోమ్‌లో గేమ్ కోడ్ ఉంటుంది. రెండోది బొమ్మల రోమ్. మారియో టోపీ, ఇటుకలు, మేఘాలు.. తెర మీద కనిపించేవన్నీ ఇందులో చిన్న చిన్న ముక్కలుగా ఉంటాయి.

ఎందుకు రెండు? డబ్బాలో ఆలోచించే చిప్ వేరు, బొమ్మ గీసే చిప్ వేరు. ఇద్దరికీ విడివిడి దారులు ఇచ్చారు. క్యాసెట్‌కు 60 పిన్నులు కావాల్సి వచ్చింది అందుకే.

సైజులు వింటే నవ్వొస్తుంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కేబీ. 32 కేబీ కోడ్, 8 కేబీ బొమ్మలు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో సాధారణంగా దీనికంటే పెద్దది. ఆ 8 కేబీలో ఎన్ని బొమ్మలు పడతాయంటే, ఒక్కో ముక్క 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు, దానికి 16 బైట్లు. మొత్తం 512 ముక్కలు. వీటినే అటూ ఇటూ తిప్పి, రంగులు మార్చి గేమ్ అంతా నడిపించారు. మారియోలో మేఘం, పొద ఒకే బొమ్మ. తెల్ల రంగు వేస్తే మేఘం, పచ్చ రంగు వేస్తే పొద. అనుమానం ఉంటే ఈసారి ఆడేటప్పుడు చూడండి.

ప్రాసెసర్ ఒకేసారి క్యాసెట్‌లో మామూలుగా 32 కేబీ కోడ్‌నే చూడగలదు. మరి కాంట్రా సంగతేంటి? దాని అమెరికా వెర్షన్ 128 కేబీ. దానికోసం బోర్డు మీద అదనంగా చిన్న చిప్‌లు పెట్టారు. 16 కేబీ చొప్పున 8 అరలు ఉంటే, ఇప్పుడు ఏ అర తెరవాలో అవి గుర్తుపెట్టుకుంటాయి. చివరి అర మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఈ ఏర్పాటును 'మ్యాపర్' అంటారు. '9999 ఇన్ 1' క్యాసెట్ కిటుకు కూడా ఇదే. ఉండేవి కొన్ని గేమ్‌లు. మెనూలో మాత్రం వేలు. ఒకే గేమ్‌ను ఒకచోట మొదటి లెవల్ నుంచి, ఇంకోచోట మూడో లెవల్ నుంచి, మరోచోట ఎక్కువ లైఫ్‌లతో మొదలుపెట్టి వేరే పేరు తగిలించేవాళ్లు. 9999 వరకు నొక్కుతూ కూర్చున్న వాళ్లకు ఈ మోసం ఎప్పుడో తెలుసు.

మొదటిసారి చేసేవాళ్లు మ్యాపర్ జోలికి పోకపోవడమే మంచిది. 40 కేబీ లోపు గేమ్‌తో మొదలుపెడితే రెండు చిప్‌లు, ఒక బోర్డు, రెండు మూడు కెపాసిటర్లతో పని అయిపోతుంది.

పాత క్యాసెట్ బోర్డు వాడుకోవచ్చా?

చాలామంది ముందు ఇదే అనుకుంటారు. ఎలాగూ పోయిన క్యాసెట్ ఉంది కదా, చిప్ పీకి కొత్తది పెడదామని విప్పుతారు. లోపల చిప్ కనబడదు. నల్లటి గుండ్రటి బొట్టు ఉంటుంది. చవకగా చేయడానికి సిలికాన్ ముక్కను నేరుగా బోర్డుకు అంటించి పైన నల్ల ఎపాక్సీ పోశారు. దాన్ని తీసి ఇంకో చిప్ పెట్టడం కుదిరే పని కాదు. ప్లాస్టిక్ డొప్ప మాత్రం బంగారమే, పడేయకండి. సరిగ్గా స్లాట్‌లో కూర్చునే డొప్ప కొత్తగా చేయించాలంటే త్రీడీ ప్రింటింగ్ దాకా వెళ్లాలి.

అంటే కొత్త బోర్డు కావాలి. కైక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డిజైన్ గీసి, బోర్డులు చేసే కంపెనీకి ఫైల్ పంపితే కొరియర్‌లో వస్తుంది. ఇక్కడే తొలి దెబ్బ తగిలేది. ఏమీ చెప్పకపోతే కంపెనీ 1.6 మిల్లీమీటర్ల మందంతో బోర్డు చేసి పంపుతుంది. అదే వాళ్ల మామూలు సైజు. గేమ్ స్లాట్‌కు కావాల్సింది 1.2 మిల్లీమీటర్లు. మందం బోర్డును బలవంతంగా గుచ్చితే స్లాట్ లోపలి పిన్నులు సాగిపోతాయి. ఆ తర్వాత మామూలు క్యాసెట్లు వదులై ఆడవు. అంటే కొత్త క్యాసెట్ చేయబోయి ఉన్న డబ్బా పోగొట్టుకున్నట్టే. ఆర్డర్ ఇచ్చేటప్పుడు మందంతో పాటు అంచు ఏటవాలుగా చెక్కమని, పట్టీలకు బంగారు పూత వేయమని చెప్పాలి. మామూలు టంకం పూత పట్టీలు రాపిడికి అరిగిపోతాయి.

చిప్ ఏది కొనాలి?

పాత పద్ధతిలో 27సీ256 లాంటి ఈప్రామ్ చిప్‌లు వాడేవాళ్లు. పైన గాజు కిటికీ ఉండే రకం. అందులో రాసింది చెరపాలంటే అల్ట్రావయొలెట్ లైట్ కింద 15 నుంచి 20 నిమిషాలు పెట్టాలి. ఆ లైట్ కంటికి, చర్మానికి ప్రమాదం. డబ్బా మూయకుండా వెలిగించకూడదు. రాశాక కిటికీ మీద స్టిక్కర్ తప్పనిసరి. తయారీదారుల లెక్క ప్రకారం నేరుగా ఎండలో వారం ఉంటే చిప్ ఖాళీ అయిపోవచ్చు. మన వేసవిలో స్టిక్కర్ లేకుండా కిటికీ దగ్గర పెట్టిన చిప్ పరిస్థితి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కరెంటుతోనే చెరిపేసే చిప్‌లు దొరుకుతున్నాయి. డబ్ల్యూ27సీ512, 39ఎస్ఎఫ్040 లాంటివి. తప్పు రాస్తే చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. నేర్చుకునే వాళ్లకు ఇవే నయం. రాయడానికి యూఎస్‌బీతో కంప్యూటర్‌కు తగిలించే ప్రోగ్రామర్ కావాలి. టీ48, అంతకుముందు వచ్చిన టీఎల్866 ఎక్కువ మంది వాడేవి. మొత్తం ఖర్చులో పెద్ద వాటా దీనిదే, కొన్ని వేలు అవుతుంది. నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది. ఫోన్‌తో అయ్యే పని కాదు, కంప్యూటర్ ఉండాలి.

చిప్ కొనేటప్పుడు ఒక్క అంకె తప్పకుండా చూడాలి. అది వోల్టేజ్. ఈ డబ్బాలు 5 వోల్టుల మీద నడుస్తాయి. కొత్త ఫ్లాష్ చిప్‌లలో చాలా వరకు 3.3 వోల్టులవి. చవకగా దొరుకుతాయి కాబట్టి ఆన్‌లైన్లో అమ్మే కొన్ని నకిలీ క్యాసెట్లలో వాటిని నేరుగా 5 వోల్టుల లైన్లకు కలిపేస్తున్నారు. ఆన్ చేయగానే గేమ్ వస్తుంది, కొన్నాళ్లు ఆడుతుంది కూడా. కొన్నవాడు హ్యాపీ. కానీ చిప్ తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ వోల్టేజ్ ప్రతి పిన్ను మీదా పడుతూనే ఉంటుంది. వేడెక్కుతుంది. అటువైపు డబ్బాలోని చిప్‌లు కూడా అనుకోని కరెంటు మోయాల్సి వస్తుంది. క్యాసెట్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ముప్ఫై ఏళ్ల కిందటి డబ్బాలో చిప్ పోతే దానికి స్పేర్ దొరకడం కష్టం. 3.3 వోల్టుల చిప్ వాడి తీరాలంటే మధ్యలో వోల్టేజ్ మార్చే చిప్‌లు పెట్టాలి. అంత తంటా ఎందుకు, 5 వోల్టులదే అడిగి తీసుకోండి.

గేమ్ ఫైల్ యథాతథంగా రాస్తే ఆడదు

కంప్యూటర్లో ఆడుకునే గేమ్ ఫైల్ ముందు 16 బైట్ల చీటీ ఒకటి ఉంటుంది. కోడ్ ఎంత, బొమ్మలు ఎంత, ఏ మ్యాపర్ అనేది అందులో రాసి ఉంటుంది. ఇది ఎమ్యులేటర్ కోసం పెట్టింది, అసలు డబ్బాకు దాంతో పని లేదు. ఆ 16 బైట్లు తీసేసి, మిగిలిన దాన్ని కోడ్ ఒక ఫైల్, బొమ్మలు ఒక ఫైల్‌గా విడగొట్టి రెండు చిప్‌లలో వేర్వేరుగా రాయాలి. చీటీతో సహా రాస్తే ప్రతి బైటూ 16 స్థానాలు జరిగిపోతుంది. తెర మీద ఏమీ రాదు.

ఇంకో మెలిక. స్విచ్ వేయగానే ప్రాసెసర్ 'ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి' అని ముందుగా చిప్ చిట్టచివరి బైట్ల దగ్గర వెతుకుతుంది. డాంకీ కాంగ్ లాంటి గేమ్‌లో కోడ్ 16 కేబీయే. దాన్ని 32 కేబీ చిప్ మొదటి సగంలో రాసి వదిలేస్తే చివర ఖాళీ. ప్రాసెసర్‌కు అడ్రస్ దొరకదు. కాబట్టి అదే కోడ్‌ను రెండుసార్లు, ఒకదాని వెనక ఒకటి రాయాలి. అలాగే 8 కేబీ బొమ్మలను 32 కేబీ చిప్‌లో పెడితే నాలుగుసార్లు రాయాలి. వృథా అనిపిస్తుంది కానీ ఇదే సులువైన దారి.

పార్టులు ఎక్కడ దొరుకుతాయి?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి కానీ ఈప్రామ్ చిప్ అమ్మే షాపు జిల్లా కేంద్రంలో ఆశించలేం. టీవీ మెకానిక్ దగ్గర టంకం, ఫ్లక్స్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఐసీ సాకెట్ లాంటివి అడిగితే దొరకొచ్చు. పైగా పాత మెకానిక్ పక్కన గంటసేపు కూర్చుంటే సోల్డరింగ్ వచ్చేస్తుంది, ఏ వీడియో కూడా అంత బాగా నేర్పదు. చిప్‌ల కోసం మాత్రం హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లాల్సిందే. జనగామ, మహబూబాబాద్ వాళ్లకు సికింద్రాబాద్ రైలు ఉంది. భూపాలపల్లి వాళ్లకు బస్సే దిక్కు. విదేశీ సైట్లలో ఒకప్పుడు అందరూ వాడిన అలీ ఎక్స్‌ప్రెస్‌ను కేంద్రం 2020 నవంబర్‌లో నిషేధించింది. దాంతో దేశీ ఆన్‌లైన్ షాపులే దారి. అక్కడా 'కొత్తది' అని చెప్పి పాత బోర్డుల నుంచి పీకిన చిప్‌లు అంటగట్టే వాళ్లుంటారు. చేతికి రాగానే ప్రోగ్రామర్‌లో పెట్టి ఖాళీగా ఉందో లేదో పరీక్షించి చూసుకోవాలి.

చిప్‌ను నేరుగా టంకం పెట్టకుండా సాకెట్ పెడితే మార్చుకోవడం తేలిక. డొప్పలో ఎత్తు సరిపోతుందో లేదో ముందే కొలవండి. చిప్ మీది గాడి, సాకెట్ మీది గాడి ఒకవైపే ఉండాలి. తిరగేసి పెడితే ప్లస్ ఉన్నచోట మైనస్, మైనస్ ఉన్నచోట ప్లస్ పడుతుంది. స్విచ్ వేసిన కాసేపట్లోనే చిప్ కాలిపోతుంది.

మారియో కాపీ చేసి అమ్మితే?

ఇది అందరూ అడిగే ప్రశ్న. డబ్బాలకు నకళ్లు చేయడం వేరు, గేమ్‌కు నకలు తీయడం వేరు. పేటెంట్ 20 ఏళ్లకు ముగుస్తుంది. 1983 నాటి యంత్రం ఆ గడువు ఎప్పుడో దాటేసింది. గేమ్ మీద ఉండేది కాపీరైట్. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందికి వస్తుంది. దాని రక్షణ దశాబ్దాల పాటు ఉంటుంది, 1985 గేమ్‌కు ఇంకా ముగియలేదు. చట్టబద్ధంగా కొన్న కాపీ ఉన్నవాళ్లు అది పాడైతే అక్కరకు వస్తుందని బ్యాకప్ తీసుకోవడానికి 52వ సెక్షన్‌లో వీలుంది. కాపీలు చేసి అమ్మడం 63వ సెక్షన్ కింద నేరం. ఆర్నెల్ల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా ఉంది. 'అందరూ అమ్ముతున్నారు కదా' అంటే కోర్టులో చెల్లదు. సరదాగా నేర్చుకునే కుర్రాళ్లు ఇన్‌స్టాలో ఆర్డర్లు తీసుకునే దాకా వెళ్తేనే ఇబ్బంది.

దీనికి మంచి ప్రత్యామ్నాయం ఉంది. ఇప్పటికీ ఈ డబ్బాల కోసం కొత్త గేమ్‌లు రాసేవాళ్లున్నారు. జర్మనీకి చెందిన మార్ఫ్‌క్యాట్ గేమ్స్ చేసిన 'మైక్రో మేజెస్' నలుగురు కలిసి ఆడే గేమ్. అది కూడా మారియోలాగే 40 కేబీలో ఇమిడిపోయింది. సొంతంగా రాయాలనుకుంటే సీసీ65 అనే కంపైలర్ ఉచితం. బీటెక్ మొదటి ఏడాదిలో నేర్పే సీ భాష వస్తే చాలు, మొదలుపెట్టొచ్చు. పరీక్షించడానికి మెసెన్, ఎఫ్‌సీఈయూఎక్స్ ఎమ్యులేటర్లు, పాటలకు ఫ్యామీట్రాకర్.. ఇవీ ఉచితమే.

తెలుగులో గేమ్ పేరు వేయాలంటే..

సొంత గేమ్ అన్నాక తెర మీద తెలుగు అక్షరం చూడాలని ఎవరికైనా ఉంటుంది. అసలు పరీక్ష అక్కడే. ఇంగ్లిష్ పెద్దబడి అక్షరం 8 చుక్కల గడిలో హాయిగా కూర్చుంటుంది. 26 అక్షరాలకు 26 ముక్కలు, పనైపోయింది. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, పక్కన దీర్ఘం, కింద ఒత్తు. 8 చుక్కల్లో 'ల్లి' గీయండి చూద్దాం! కనీసం 16 చుక్కల గడి కావాలి, అంటే అక్షరానికి నాలుగు ముక్కలు.

ఇప్పుడు లెక్క వేద్దాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని మూడు పేర్లు తెర మీద వేయాలి. జ, న, గా, మ, హ, బూ, బా, ద్, భూ, పా, ల, ప, ల్లి. తిరిగి వచ్చినవి తీసేస్తే 13 ఆకారాలు. ఒక్కోదానికి నాలుగు చొప్పున 52 ముక్కలు. బ్యాక్‌గ్రౌండ్‌కు ఒకేసారి దొరికేవి 256 ముక్కలే. అందులో ఐదో వంతు మూడు ఊర్ల పేర్లకే పోయింది. ఇంగ్లిష్ అక్షరమాల మొత్తానికి పట్టే చోటుకు ఇది సరిగ్గా రెట్టింపు. 'ల్లి' ఒత్తుకు కింద ఇంకో వరుస కావాల్సి వస్తే ఇంకా ఎక్కువ. కాబట్టి పూర్తి ఫాంట్ పెట్టే ఆలోచన మానుకుని, ఏ మాటలు కనబడాలో ముందే రాసుకుని వాటికి కావాల్సిన ఆకారాలే గీసుకోవాలి. ఆడేటప్పుడు మెనూ అక్షరాలు అక్కర్లేదు కాబట్టి మ్యాపర్ ఉన్న బోర్డు అయితే వాటిని వేరే అరలో పెట్టుకోవచ్చు.

వేగం సంగతి కూడా చూసుకోవాలి. మన టీవీలది పాల్ పద్ధతి, సెకనుకు 50 సార్లు తెర మారుతుంది. జపాన్, అమెరికాల్లో 60. అక్కడి లెక్కతో 60 ఫ్రేములను ఒక సెకను అనుకుని రాస్తే 50 మీద నడిచే డబ్బాలో గడియారం మెల్లగా తిరుగుతుంది. మెసెన్‌లో రీజియన్‌ను 'డెండీ' అని మార్చి పరీక్షిస్తే ఇక్కడి పాల్ డబ్బాకు దగ్గరగా ఉంటుంది. పాత తుపాకీతో ఆడే డక్ హంట్ లాంటి గేమ్ ఆలోచన ఉంటే మాత్రం వదిలేయండి. ఆ తుపాకీ పాత పిక్చర్ ట్యూబ్ టీవీ వెలుగును కనిపెట్టేలా చేసింది. ఎల్ఈడీ టీవీ మీద ఎంత గురి చూసినా బాతు పడదు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు..

స్విచ్ వేయకముందే మల్టీమీటర్‌తో 5 వోల్టుల పట్టీకి, గ్రౌండ్ పట్టీకి మధ్య షార్ట్ ఉందేమో చూడాలి. బీప్ వచ్చిందంటే క్యాసెట్‌ను డబ్బా దగ్గరికి కూడా తీసుకెళ్లొద్దు. ఇంట్లో పాత మంచి డబ్బా ఉంటే దాన్ని పక్కన పెట్టి, చవకగా దొరికే మరో నకలు డబ్బాలో మొదటి ప్రయోగం చేయడం తెలివైన పని. క్యాసెట్ పెట్టినా తీసినా స్విచ్ ఆపే ఉండాలి.

తెర ఒకే రంగులో అలాగే ఉండిపోతే అనుమానం కోడ్ చిప్ మీద. 16 బైట్ల చీటీ తీశారా, రెండుసార్లు రాయాల్సింది రాశారా చూడాలి. పాట వినిపిస్తూ బొమ్మలు చెత్తగా కనిపిస్తే కోడ్ బాగానే నడుస్తున్నట్టు, తేడా బొమ్మల చిప్‌లో ఉంది. ఒక పిన్నుకు టంకం అంటకపోయినా ఇలాగే అవుతుంది. అన్నీ బాగుండి, ముందుకు పరిగెత్తగానే తెరలో సగం తప్పుగా వస్తుంటే బోర్డు మీద హెచ్, వీ అని రాసిన రెండు చుక్కలు చూడండి. తెర అడ్డంగా జరగాలా, నిలువుగా జరగాలా అన్నది వాటిలో దేనికి టంకం పెట్టారన్న దాని మీద ఉంటుంది. ఒకటి కరిగించి తీసి రెండోదానికి పెడితే సరిపోతుంది. రెండింటికీ ఒకేసారి మాత్రం పెట్టకండి.